చలిలో గుడ్లు పెట్టే పురుగులు

ఆ ఆఫీసులో అందరికీ ఆయన బావగారే. గేటు దగ్గర కాపలా మనిషికీ బావగారే, ఆయనకన్నా వయసులో పెద్దవాడైన డ్రైవరుకీ బావగారే. దానికి కారణం ఆయన కాదు, ఆయన భార్య. ఆవిడ అక్కడ శాస్త్రవేత్త. కొత్తగా చేరినవాళ్లు మేడమ్ అని మొదలుపెట్టి, నెల తిరక్కుండానే అక్కా అనడంలో పడిపోయేవాళ్లు. ఆవిడ అక్కయ్యాక, అక్కడే తొట్లలో నీళ్లు మార్చే పని చేసే ఆయన బావగారు కాక ఇంకేమవుతారు? చివరికి ఆవిణ్ణి మేడమ్ అని పిలిచే మనిషి ఆయన ఒక్కరే మిగిలారు. ఆఫీసులో "మీరు చెప్పినట్టే చేశాను మేడమ్" అనేవారు. ఇంటికి వెళ్లాక ఆవిడ "ఏమండీ, ఆ కిటికీ కాస్త వేస్తారా" అనేది. గేటు దాటగానే మర్యాద ఇటునుంచి అటు మారేది. దీని మీద ఆఫీసంతా నవ్వుకునేది, అందరికన్నా ముందు వాళ్లిద్దరూ నవ్వుకునేవారు.

వాళ్ల పని గుర్రపుడెక్కను చంపడం. చూడ్డానికి ముచ్చటగా ఊదారంగు పూలు పూసే మొక్కే గానీ, చెరువు మీద ఒకసారి కాలు పెట్టిందంటే ఇక నీళ్లు కనపడనివ్వదు. పడవ కదలదు, వల పడదు, అడుగున చేపకు ఊపిరాడదు. కోసి గట్టున పడేస్తే వెనకాలే మొలుస్తుంది. మందు కొడితే నీళ్లూ చెడతాయి. దాన్ని తప్ప మరోదాన్ని తినని ముక్కు పురుగు ఒకటుంది. బియ్యపు గింజంత ఉంటుంది, ఒళ్లంతా బూడిదరంగు, ముందు వంపు తిరిగిన ముక్కు. పెద్ద పురుగు ఆకును గీరి తింటుంది గానీ దానికి ఆ మొక్క చావదు. చంపేది దాని పిల్ల. తల్లి కాడ లోపల గుడ్డు పెడితే, అందులోంచి వచ్చిన పిల్ల కాడను తొలుచుకుంటూ కిందకు దిగుతుంది. అప్పుడు మొక్క కుళ్లి మునుగుతుంది. గుడ్డు పెట్టని పురుగు ఎన్ని ఆకులు తిన్నా ఒకటే, తినకపోయినా ఒకటే.

చిక్కంతా ఆ గుడ్డు దగ్గరే వచ్చింది. వెచ్చటి చోట ఈ పురుగులకు సంతానమే సంతానం. చలి తగిలితే మాత్రం గుడ్లు మానేస్తాయి. అన్నీ చచ్చిపోతాయా అంటే అదీ లేదు. ఎంతో కొంత తింటాయి, జత కూడా కడతాయి. గుడ్డు మాత్రం పెట్టవు. కొండల మీద చెరువుల్లో ఏడాదిలో సగం రోజులు చలే కాబట్టి అక్కడ గుర్రపుడెక్కకు అడ్డూ ఆపూ లేకుండా పోయింది. ఈ ఒక్క ముడి విప్పడానికి అక్క తన ఉద్యోగమంతా ఖర్చుపెట్టింది.

ఆవిడ పద్ధతి చెప్పుకోవడానికి తేలిక, చూడటానికి కష్టం. ఆఫీసు వెనకాల చలి గది అని ఒకటి కట్టించింది. ప్రతి తరం పురుగుల్నీ అందులో తొట్లలో వేసి, చలి పెంచేది. ఎక్కువ భాగం ముడుచుకుపోయేవి. చాలా చచ్చేవి. ఎక్కడో ఒకటీ అరా ఆ చలిలోనే గుడ్డు పెట్టేది. ఆ గుడ్లను మాత్రమే ఉంచి, వాటి పిల్లల్ని పెంచి, మళ్లీ చలిలో వేసేది. పొద్దున్నే చచ్చినవాటిని బ్రష్షుతో పళ్లెంలోకి ఊడ్చి పారేసే పని బావగారిది.

"మీరు మరీ రాతిగుండె మనిషి మేడమ్" అనేవారు ఊడుస్తూ.

"నేను కాదండీ, చలి" అనేది ఆవిడ, అక్కడ ఎవరూ లేరు కాబట్టి అండీ కలిపి. "అది జల్లెడ. పైన మిగిలినవే మనవి. జల్లెడ తీసేస్తే అన్నీ మళ్లీ కలిసిపోతాయి."

వాళ్లకు పిల్లల్లేరు. ఎంతమంది పిల్లలని ఎవరైనా అడిగితే ఆవిడ "ఇంకా లెక్కపెట్టలేదు" అని తొట్లవైపు చూపించేది. ఏళ్ల తరబడి అలా జల్లెడ పట్టాక, ఒక ఉదయం కాడను బ్లేడుతో నిలువునా చీల్చి, భూతద్దం ఆయన చేతికిచ్చి చూడమంది. తెల్లటి గుజ్జులో వరసగా గుడ్లు. ఒక్క మొక్కలో కాదు, తొట్టెలో ప్రతి మొక్కలోనూ. అద్దంలోంచి తల ఎత్తి చూస్తే ఆవిడ స్వెట్టరు చేతితో కళ్లు తుడుచుకుంటోంది. చలి అని చెప్పింది గానీ ఆయన నమ్మలేదు.

ఆ పురుగుల్ని కొండమీది చెరువులో వదలకుండానే ఆవిడ పోయింది. ఊపిరితిత్తుల జబ్బు. ఆస్పత్రి మంచం మీద ఎప్పుడు చూసినా ఒకటే మాట, చలేస్తోందండీ అని. బావగారు ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ మోసుకొచ్చారు. కాళ్లు ఒళ్లో పెట్టుకుని రుద్దారు. వేడినీళ్ల సీసాలు పక్కన పెట్టారు. ఆ చలి తగ్గించడం మాత్రం ఆయన వల్ల కాలేదు.

ఆవిణ్ణి సాగనంపిన మర్నాడే ఆయన పనికి వచ్చారు. రావద్దని అందరూ చెప్పారు. ఇంట్లో ఉండి ఏం చేయాలి? అలవాటుగా చలి గది తలుపు తీసి, అలవాటుగా బ్రష్షు తీసుకుని తొట్టె మీద వంగారు. రోజూ ఉన్నట్టే చచ్చిన పురుగులున్నాయి. ఇన్నేళ్లుగా చెత్త ఊడ్చినట్టు ఊడ్చిన చెయ్యి ఆ రోజు కదల్లేదు. ఒకటి ఇంకా చావలేదు. ఆకు అంచు పట్టుకుని ఒక్క కాలు కదుపుతోంది. ఆయన దాన్నే చూస్తూ నిలబడి, ఆ తర్వాత గోడ దగ్గరికి వెళ్లి, చలి పెంచే తగ్గించే మీటను కొద్దిగా, వెంట్రుకవాసి మాత్రం, వెచ్చదనం వైపు తిప్పారు.

మర్నాడు చచ్చినవి తగ్గాయి. ఇంకొంచెం తిప్పారు. అవి ఇంకా తగ్గాయి.

ఆయనకు తెలియదా అంటే తెలుసు. జల్లెడ మాట ఆయన చెవులతో విన్నదే. కానీ మనసు వేరే లెక్క వేసుకుంది. ఇవి చలిలో ఆరితేరిన పురుగులు కదా, ఈత వచ్చినవాడు నాలుగు రోజులు గట్టున కూర్చుంటే ఈత మర్చిపోతాడా అనుకుంది. అయినా ఆవిడ చేతుల మీద పుట్టినవాటి పిల్లలు ఇవి. ఇక ఆవిడ చేత్తో పుట్టేవి రావు. ఉన్నవాటిలో ఒక్కటి చచ్చినా ఆయనకు ఒళ్లు జలదరించేది. దుఃఖంలో ఉన్న మనిషి తనకు కావలసిన మాటనే నమ్ముతాడు. దీనికి పెద్ద చదువులు అడ్డం రావు, చిన్న చదువులూ అడ్డం రావు.

పురుగులు పొంగిపొర్లాయి. పాత తొట్లు చాలక కొత్తవి తెప్పించారు. బావగారు వాటిని కంటికి రెప్పలా చూసుకున్నారు. ఆకు మార్చేటప్పుడు వాటితో మాట్లాడటం కూడా మొదలుపెట్టారు. ఆవిడ కూర్చునే బల్ల మీదే టీ తాగేవారు. స్వెట్టరు మేకుకు వేలాడుతూనే ఉండేది. చలి గదిలోంచి ఆయన చొక్కా చేతులు మడుచుకుని బయటికి రావడం అందరూ చూశారు. ఎవరికీ అనుమానం రాలేదు.

అక్క దగ్గర పని నేర్చుకున్న అమ్మాయే ఇప్పుడు ఆ విభాగానికి పెద్ద. అక్క శిష్యురాలంటే ఆఫీసులో అందరికీ గురి. ఆ అమ్మాయి రోజూ గది గుమ్మం దాకా వచ్చి, అక్కడే ఆగి అడిగేది.

"అక్క పురుగులు ఎలా ఉన్నాయి బావగారూ?"

"బ్రహ్మాండంగా ఉన్నాయమ్మా."

అబద్ధం కాదది. గది ఆయనది, ఆ గదిలో దుఃఖం ఆయనది, మధ్యలో మనమెందుకు అని ఆ అమ్మాయి గుమ్మం దాటేది కాదు. గౌరవం పేరుతో మనుషులు ఒక్కోసారి ఎంత దూరంగా నిలబడతారో చూడండి. ఒక్కసారి లోపలికి వచ్చి ఉంటే చర్మానికే తెలిసిపోయేది.

రెండేళ్ల తర్వాత, ఎండలు తగ్గేవేళ, ఆ పురుగుల్ని కొండమీది చెరువుకు తీసుకెళ్లారు. గట్టున నిలబడి చూస్తే అది చెరువులా లేదు, పచ్చిక మైదానంలా ఉంది. పడవవాడు తన పడవను బోర్లించి దాని మీద కూర్చుని ఉన్నాడు. చాలాకాలంగా అది అతనికి అరుగు మాత్రమే. పురుగులున్న మొక్కల్ని బావగారు తన చేత్తోనే నీళ్లలోకి జారవిడిచారు.

"ఇంత పొట్టి పురుగులు ఈ అడవంతా తింటాయా?" అన్నాడు పడవవాడు.

"ఇవి మా అక్క పురుగులు" అంది శిష్యురాలు. "చలిలోనూ గుడ్లు పెడతాయి. వచ్చే ఏడాది నీ పడవ తిరగేసుకో."

నెల తిరిగేసరికి ఆకుల మీద చిన్న చిన్న గీరిన మచ్చలు కనిపించాయని కబురు వచ్చింది. ఆఫీసులో అందరూ బావగారి చేతులు పట్టుకున్నారు. ఆయన ఆ రోజు ఇంటికి వెళ్లి, ఆవిడ ఫోటో ముందు కూర్చుని జరిగినదంతా చెప్పారు. మీట సంగతి ఒక్కటే చెప్పలేదు.

తర్వాత చలి వచ్చింది, చలి వెళ్లింది. వాళ్లు మళ్లీ చెరువుకు వెళ్లారు. గట్టునుంచి గట్టుకు పచ్చగా, కొత్త చిగుళ్లతో కళకళలాడుతోంది. అంత పచ్చదనం చూసి గుండె జారిపోవడం ఆ పనిలో ఉన్నవాళ్లకే తెలుసు.

"మీ అల్లుళ్లు వచ్చినప్పుడు నాలుగు రోజులు బాగానే తిన్నారండీ" అన్నాడు పడవవాడు. "తర్వాత దుప్పటి ముసుగేశారు. ఇక లేవలేదు."

ఎవరూ నవ్వలేదు. అతను కూడా నవ్వడానికి అనలేదు. శిష్యురాలు నీళ్ల అంచున గొంతుక్కూర్చుని కాడ తర్వాత కాడ చీల్చింది. చలికి వేళ్లు ఎర్రబడ్డాయి. గుడ్డు లేదు. పిల్ల తొలిచిన దారి లేదు. ప్రతి కాడ లోపలా శుభ్రంగా, తెల్లగా, ఎవరూ ముట్టుకోనట్టు ఉంది. బావగారు కోసిన కాడలు ఒక్కొక్కటీ తీసుకుని మళ్లీ వెతికారు.

తిరిగి వచ్చాక ఆ అమ్మాయి చెప్పాపెట్టకుండా ఆయన తొట్లలోంచి కొన్ని పురుగుల్ని తీయించి, తన గదిలో ఉన్న చిన్న చలిపెట్టెలో వేసి చూసింది. కొన్నాళ్లకు బావగారిని పిలిచి, తలుపు మూసింది. కూర్చోమంది. తను మాత్రం నిలబడే ఉంది.

"బావగారూ, నేను ఈ మాట అంటానని ఎప్పుడూ అనుకోలేదు. అక్క పొరబడిందేమో."

ఆయన తలెత్తారు.

"చలిపెట్టెలో ఒక్కటి కూడా గుడ్డు పెట్టలేదు. మామూలు పురుగులకీ వీటికీ తేడా లేదు. అక్క గదిలో ఏదో ఒక మూల వెచ్చగా ఉండి ఉంటుంది. లేకపోతే చలి చూపించే మీటరైనా తప్పు చూపించి ఉంటుంది. ఆ గుడ్లు చూసి చలిలోనే పెట్టాయనుకుంది. అలా జరుగుతూనే ఉంటుంది, ఎవరికైనా. పైవాళ్లు అడుగుతున్నారు. నేను రాసి పంపాలి." ఆ అమ్మాయి కళ్లు నిండిపోయాయి. "ఎలా రాయమంటారు, అక్క ఇన్నేళ్ల పనీ ఉత్తదేనని? నా చెయ్యి రావడం లేదు."

ఆ మాట విన్నాక బావగారి లోపల ఏం జరిగిందో చెప్పాలి, దాచి లాభం లేదు. ఊరుకుంటే సరిపోతుంది అనిపించింది. పోయినావిడకు పేరుతో పనేముంది అనిపించింది. ఊరుకుంటే గది ఉంటుంది, తొట్లు ఉంటాయి, అందరికీ ఆయన బావగారుగానే ఉంటారు. వెంటనే, ఉత్తది అన్న మాట మళ్లీ చెవిలో మోగింది. చలికి పగిలిన ఆవిడ వేళ్లు గుర్తొచ్చాయి. తన మీద తనకే అసహ్యం వేసింది.

"మీటరు సరిగ్గానే ఉందమ్మా" అన్నారు. "మీటే నేను తిప్పాను."

"ఏ మీట?"

"చలి గదిది. తగ్గించేశాను, చలిని."

"ఎప్పట్నుంచి?"

"మీ అక్క పోయిన మర్నాటినుంచి."

"ఎంత తిప్పారు?"

"స్వెట్టరు అక్కర్లేనంత."

ఆ అమ్మాయి కుర్చీ వెనక్కి లాక్కుని కూర్చుంది. మొహంలో కోపం కోసం బావగారు వెతికారు. దొరికితే కాస్త ఊరటగా ఉండేది.

"తిట్టమ్మా" అన్నారు.

"ఎవర్ని తిట్టను? రోజూ గుమ్మం దాకా వచ్చి లోపలికి తొంగిచూడని నన్నా?" కళ్లు తుడుచుకుని, పాఠం చెప్పేటప్పటి గొంతుతో, అది కూడా మధ్యమధ్యలో తెగిపోతుండగా చెప్పింది. "చలికి ఓర్చేవి నెమ్మదిగా, కొద్దిగా పెట్టేవి బావగారూ. వెచ్చగా ఉంటే గబగబా ఎక్కువ పెట్టేవాటిదే పైచేయి. ఒక్క తరమైతే ఏదో అనుకోవచ్చు. ఇన్ని తరాలు గడిచాక అక్కవి వీటిలో కలిసి కరిగిపోయి ఉంటాయి."

"ఒక్కటైనా మిగిలి ఉండదంటావా?"

"చూడాలి. అక్క చేసినట్టే, అన్నిటినీ చలిలో వేసి. నేను వేస్తాను, మీరు కొన్నాళ్లు ఇంటి దగ్గరుండండి."

"నేనే వేస్తాను" అన్నారాయన.

పైకి పంపే కాగితంలో ఆ అమ్మాయి అక్క పని నూటికి నూరుపాళ్లూ నిజమని, తర్వాత గది వేడెక్కడం వల్ల ఆ జాతి చెడిందని రాసింది. ఎవరు వేడెక్కించారో రాయలేదు. రాయమని బావగారు పట్టుబట్టారు. గది వేడెక్కిన మాట నిజమే కదా, అంతకన్నా వాళ్లకు అక్కర్లేదని ఆ అమ్మాయి కాగితం మడిచి కవర్లో పెట్టేసింది. బావగారికి ఆ దయ దెబ్బకన్నా గట్టిగా తగిలింది.

ఆయన తన చేత్తోనే మీట తిప్పారు, ఆవిడ ఉంచిన చోటికి. మొదటి రోజుల్లో అన్నీ ఆకుల మడతల్లోకి దూరి కూర్చున్నాయి. తర్వాత రాలడం మొదలైంది. పొద్దున్నే ఆయన తలుపు తీసేవారు. బ్రష్షు పట్టుకుని ఊడ్చేవారు. గుప్పెళ్లు గుప్పెళ్లు. మొదటిరోజు ఊడ్చాల్సింది ఇన్నేళ్లూ ఆగి ఇప్పుడు ఒక్కసారిగా ఊడ్చాల్సి వచ్చింది. ఊడ్చాక బ్లేడు తీసుకుని కాడలు చీల్చేవారు. తెల్లటి గుజ్జు తప్ప ఏమీ ఉండేది కాదు. శిష్యురాలు పక్కన కూర్చుని ఆయన చీల్చినవే మళ్లీ భూతద్దంతో చూసేది. మీట కొంచెం తిప్పుదామా అని ఆయన అడగలేదు, ఆ అమ్మాయీ అనలేదు. ఒక్కో తొట్టె ఖాళీ అయినకొద్దీ కడిగి, బోర్లించి, గోడకు ఆనించారు.

చివరికి ఒక్క తొట్టె, అందులో ఒక్క మొక్క, దాని మీద ఒక్క పురుగు మిగిలింది. ఆడది. ముక్కు పొడుగ్గా, నున్నగా ఉండటాన్ని బట్టి తెలుస్తుంది. జత ముందే కట్టింది, గుడ్డు పెడితే ఇప్పుడు పెట్టాలి. బావగారు రోజూ దాని మొక్కకు లేత ఆకు ఉండేలా చూశారు. దాని మీద ఊపిరి తగిలితే వెచ్చబడుతుందేమోనని మొహం పక్కకు తిప్పుకుని పని చేసేవారు.

ఒక మధ్యాహ్నం శిష్యురాలు వచ్చేసరికి ఆ పురుగు తడి గుడ్డ పరిచిన పళ్లెంలో ఉంది. కాళ్లు లోపలికి ముడుచుకుని, ముక్కు పొట్టకింద పెట్టుకుని ఉంది. మొక్క కాడ పక్కన నిలువునా చీల్చి ఉంది. ఆ అమ్మాయి అద్దం తీసుకుని కాడ ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూసి, అద్దం కింద పెట్టింది.

"ముట్టుకుంటే ఇవి చచ్చినట్టు పడుకుంటాయి కదమ్మా" అన్నారు బావగారు, పళ్లెంమీంచి చూపు తిప్పకుండా. "ఇందాక ఆకు మీంచి తీసేటప్పుడు నా వేలు తగిలింది. అందుకే ముడుచుకుందేమో. కాసేపు ఆగితే లేస్తుంది."

"ఎంతసేపైంది?"

"పొద్దున్న."

ఈ పురుగులు అలా నటించేది కాసేపే. అది ఇద్దరికీ తెలుసు. ఆ అమ్మాయి ఆ మాట అనలేదు. ఇంకో స్టూలు తెచ్చుకుని ఆయన పక్కన కూర్చుంది. ఇద్దరూ ఆ బియ్యపు గింజంత దాన్ని చూస్తూ ఉండిపోయారు. చలి యంత్రం ఒకటే మోత. బయట ఎవరో బావగారూ అని పిలిచి, జవాబు రాక వెళ్లిపోయారు.

"ఆ రోజు కూడా నేను నర్సును వెంటనే పిలవలేదమ్మా" అన్నారు ఆయన చాలాసేపటికి. "ఇలాగే చూస్తూ కూర్చున్నాను. కదులుతుందేమోనని."

అంటుండగానే ఆయన ఏడ్చేశారు. ఆవిడ పోయాక మొదటిసారి, వెక్కివెక్కి, గది దద్దరిల్లేలా ఏడ్చారు. శిష్యురాలు ఆయన చేతిలోంచి పళ్లెం తీసుకోబోయి, తీసుకోకుండా, తనూ ఒక అంచు పట్టుకుని కూర్చుంది.